పరాయి గడ్డపై మన సైన్యం: ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు కాదంది

గుంటూరులో ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు ఉంది. అగ్నివీర్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, పల్నాడు నుంచీ బాపట్ల నుంచీ కుర్రాళ్లు చీకటితోనే లేచి 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీసు మొదలుపెడతారు. నేను ఇక్కడ డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెబుతుంటాను. ఏటా నా క్లాసులో అలాంటి వాళ్లు కొందరు ఉంటారు. గాజా గురించో, ఎర్ర సముద్రం గురించో టీవీలో వార్త వచ్చిందంటే వాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: "సార్, రేపు ఏ అమెరికానో అడిగితే మనవాళ్లను అక్కడికి పంపుతారా?"

పంపరు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. ఐక్యరాజ్యసమితి జెండా కింద తప్ప మన సైన్యం బయటికి వెళ్లదని చాలామంది అనుకుంటారు కూడా. కానీ 1987లో శ్రీలంకకు వెళ్లినప్పుడు సమితి జెండా లేదు. 1988లో మాల్దీవులకు వెళ్లినప్పుడూ లేదు. ఇవాళ మన యుద్ధనౌకలు సోమాలియా తీరం దాకా వెళ్లి సముద్రపు దొంగలను పట్టుకుంటున్నాయి, అక్కడా సమితి కమాండ్ లేదు. నిజానికి పరాయి నేల మీదికి సైన్యాన్ని పంపే విషయంలో మనకంటూ చట్టం ఏదీ లేదు. ఒక్కో అనుభవం తర్వాత ఒక్కో ప్రభుత్వం పాటిస్తూ వచ్చిన ఆనవాయితీ మాత్రమే ఉంది. ఆ ఆనవాయితీ ఎలా ఏర్పడిందో, ఎక్కడెక్కడ మలుపు తిరిగిందో తెలిస్తే తప్ప ఆ కుర్రాళ్ల ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పలేం.

మొదట బ్రిటిష్ కాలానికి వెళ్లాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో 10 లక్షల మందికి పైగా భారతీయులు విదేశాలకు వెళ్లారు, 70 వేల మందికి పైగా తిరిగి రాలేదు. రెండో యుద్ధం నాటికి సైన్యం 25 లక్షలకు చేరింది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు కదా, ఆ పేరు ఊరికే రాలేదు. రెండు యుద్ధాలకూ ఆ ఊరి నుంచి ఇంటింటికీ మనుషులు వెళ్లారు. ఎవరి కోసం వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో వాళ్లను అడిగినవాడు లేడు. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒక్క భారతీయ నాయకుణ్నీ సంప్రదించకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. ఆ అవమానం మీదే కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. యుద్ధం ముగిశాక కూడా డచ్చివాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ వలసలు తిరిగి దక్కేలా ఇండోనేషియాలో, వియత్నాంలో భారత సైనికులనే వాడారు. ఇంకొకరి సామ్రాజ్యం కోసం మన సిపాయి తుపాకీ పట్టకూడదన్న పట్టుదల స్వతంత్ర భారతానికి పుట్టుకతోనే వచ్చింది. ఇది తెలియకపోతే నెహ్రూ నుంచి వాజ్‌పేయి దాకా అందరూ ఒకే చోట ఎందుకు ఆగారో అర్థం కాదు.

అలాగని స్వతంత్రం రాగానే తలుపులు మూసుకుని కూర్చోలేదు. కొరియా యుద్ధానికి 1950లో మనం పంపింది పోరాడే దళాన్ని కాదు, 60వ పారా ఫీల్డ్ అంబులెన్సును, అంటే డాక్టర్లను. 1953లో కాల్పులు ఆగాక అంతకంటే కష్టమైన పని నెత్తిన పడింది. స్వదేశాలకు తిరిగి వెళ్లేది లేదని భీష్మించిన 22 వేల మందికి పైగా యుద్ధఖైదీలను కొన్ని నెలలు కాపలా కాయాలి. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి మనమంటే అనుమానం. మా నేల మీద భారత సైనికుడు కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. దాంతో ఇంచాన్ రేవులో ఓడలు దిగిన మనవాళ్లను దక్షిణ కొరియా మట్టి తగలకుండా హెలికాప్టర్లలో ఎక్కించి నేరుగా రెండు కొరియాల మధ్యనున్న సైనికరహిత ప్రాంతానికి చేర్చారు. ముళ్లకంచె లోపల ఖైదీలు రెండు ముఠాలై ఒకరినొకరు చంపుకుంటుంటే, మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన ఖైదీల వ్యవహారం చూసిన తటస్థ దేశాల కమిషన్, కాపలా కాసిన జనరల్ థోరాట్ దళం తుపాకీ పేల్చే అవసరం వీలైనంత తక్కువగా ఆ పని ముగించాయి. ఇరుపక్షాల్లో ఎటూ వెళ్లబోమన్న 80 మందికి పైగా ఖైదీలు చివరికి ఓడ ఎక్కి మనతోనే వచ్చేశారు. ఇరుపక్షాలూ తిట్టాయి, ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. మనకు అంతర్జాతీయంగా పేరు తెచ్చిన పని అది.

ఆ పేరు మీదే 1956లో గాజాకు పిలుపొచ్చింది. ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య సమితి నిలబెట్టిన దళంలో మన బెటాలియన్లు 1967 దాకా ఉన్నాయి. ఆ ఏడాది జూన్‌లో యుద్ధం మొదలైతే మధ్యలో చిక్కుకుని మనవాళ్లు పలువురు ప్రాణాలు కోల్పోయారు. కాంగో వ్యవహారం వేరు. 1961లో అక్కడికి ఒక పూర్తి బ్రిగేడ్‌నే పంపాం, వెనకే కాన్‌బెర్రా బాంబర్ విమానాలూ వెళ్లాయి. శాంతి పరిరక్షణ పేరుతో జరిగినా అక్కడ జరిగింది యుద్ధమే. డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ముఠా మీదికి ఖుక్రీలతో దూకి ప్రాణమిచ్చిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర ఇచ్చారు. సమితి దళంలో పనిచేస్తూ ఆ పతకం పొందినవాడు ఇప్పటికీ ఆయనొక్కడే. మరుసటి ఏడాది అక్టోబర్‌లో చైనా మన మీద పడినప్పుడు ఆ బ్రిగేడ్ ఇంకా ఆఫ్రికాలోనే ఉంది. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు మన బిందెలు పక్క ఊళ్లో ఉన్నట్టయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు బయటికి పెద్ద సంఖ్యలో సైన్యాన్ని పంపే మాట ఎత్తలేదు.

ఇక శ్రీలంక. ఈ మొత్తం కథలో మనకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది, అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది ఇదే.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. తమిళులకు అధికార వికేంద్రీకరణ, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈ, అంటే టైగర్ల ఆయుధాల అప్పగింత, రెండిటికీ భారత సైన్యం పూచీ. మర్నాడే గౌరవ వందనంలో నిలబడ్డ సింహళ నావికుడొకడు తుపాకీ తిరగేసి రాజీవ్ మీద దెబ్బ వేశాడు. ఆ దేశంలో సగంమంది మనసులో ఏముందో ఆ ఒక్క దెబ్బలో కనిపించింది. మన బలగం మాత్రం అప్పటికే బయల్దేరింది. ముందుగా దిగింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే 54వ పదాతి డివిజన్. అంటే తెలుగువాళ్లకు ఇది దూరపు వార్త కానే కాదు.

మా వీధిలో ఉండే రిటైర్డ్ హవల్దారు ఒకాయన ఆ రోజుల్లో జాఫ్నాలో ఉన్నారు. ఊరు తెనాలి వైపు. మేమంతా బాబాయ్ గారూ అంటాం. దిగిన కొత్తలో తమిళులు దండలు వేశారనీ, ఆడవాళ్లు కొబ్బరిబోండాలు తెచ్చిచ్చారనీ చెబుతారు. రెండు నెలలు తిరిగేసరికి అవే వీధుల్లో ఏ గుమ్మం వెనక ఎవరున్నారో తెలియక గోడలకు ఆనుకుని నడిచారు. "మాకు చెప్పింది ఆయుధాలు తీసుకుని రమ్మని. వాళ్లు ఇవ్వకపోతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు బాబూ" అంటారాయన. ఇంతకంటే సూటిగా ఆ వైఫల్యాన్ని వివరించిన మాట నేనెక్కడా చదవలేదు.

అక్టోబర్‌లో టైగర్ల చేతిలోంచి జాఫ్నాను లాక్కునే ఆపరేషన్ పవన్ మొదలైంది. టైగర్ల నాయకత్వాన్ని పట్టుకోవాలని 11వ తేదీ రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లతో జవాన్లను దించారు. అవతలివాళ్లకు కబురు ముందే చేరింది. అక్కడ దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లాటూన్‌లో 30 మంది ఉంటే 29 మంది చనిపోయారు, మిగిలిన ఒక్కడూ బందీగా దొరికాడు. అక్కడి నుంచి రెండున్నరేళ్లు సాగింది. ఒక దశలో మన బలగం 70 వేలు దాటింది. దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. ఈలోగా కొలంబోలో అధ్యక్షుడు మారాడు. కొత్తగా వచ్చిన ప్రేమదాస మన సైన్యాన్ని వెళ్లిపొమ్మనడమే కాదు, మన మీద పోరాడుతున్న టైగర్లకే గుట్టుగా ఆయుధాలు అందించాడు. 1990 మార్చి 24న చివరి దళం ఓడ ఎక్కి మద్రాసు చేరితే స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళులను చంపిన సైన్యానికి దండ వెయ్యలేనన్నారు. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో ఏం జరిగిందో అందరికీ తెలుసు.

ఢిల్లీ దీన్నుంచి మూడు పాఠాలు తీసుకుంది. ఒక ప్రభుత్వం పిలిచింది కదా అని వెళ్తే, ఆ ప్రభుత్వం పోయిన రోజున మన పరిస్థితి ఏమిటి? అంతర్యుద్ధంలో మధ్యవర్తి ఎన్నాళ్లు మధ్యవర్తిగా ఉండగలడు? స్వదేశంలో జనం వెనక లేకపోతే సైనికుడు ఎవరి కోసం చావాలి? 2000లో టైగర్లు జాఫ్నాకు దారైన ఎలిఫెంట్ పాస్‌ను పట్టుకుని జాఫ్నాను చుట్టుముట్టినప్పుడు శ్రీలంక మళ్లీ సాయం అడిగింది. వాజ్‌పేయి ప్రభుత్వం సైన్యాన్ని పంపలేదు. 2018లో మాల్దీవుల మాజీ అధ్యక్షుడు నషీద్ మన సైన్యాన్ని రమ్మని బహిరంగంగానే కోరినా మోదీ ప్రభుత్వం కదల్లేదు. అదే మాల్దీవుల్లో 1988 నవంబర్ 3 రాత్రి ఆగ్రా నుంచి పారాట్రూపర్లను దింపి గంటల్లో తిరుగుబాటును అణిచింది మనమే. అది గెలుపు. అయినా మళ్లీ ఆ దారిన వెళ్లలేదంటే, ఆ గెలుపు కంటే జాఫ్నా ఓటమే మనకు ఎక్కువ గుర్తుండిపోయిందన్నమాట. అది మంచిదేనని నా ఉద్దేశం.

అందుకే 1990ల్లో మళ్లీ సమితి జెండా వెనక్కి చేరాం. సోమాలియా, రువాండా, సియెర్రా లియోన్, తర్వాత కాంగో, దక్షిణ సూడాన్, లెబనాన్. ఇప్పటిదాకా సమితి పనుల మీద వెళ్లిన మనవాళ్లు రెండున్నర లక్షలకు పైమాటే. ప్రాణాలు కోల్పోయినవాళ్లు సుమారు 180 మంది, ఏ దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు. 2007లో లైబీరియాకు వెళ్లిన మన మహిళా పోలీసు దళం ప్రపంచంలోనే మొదటిది. అయితే సమితి దళాల నీలి టోపీ పెట్టుకుంటే అంతా సాఫీగా సాగిపోతుందనుకోవద్దు. 2000 మేలో సియెర్రా లియోన్‌లోని కైలాహున్‌లో 200 మందికి పైగా భారత సైనికులను తిరుగుబాటుదారులు రెండు నెలలకు పైగా దిగ్బంధించారు. జూలైలో ఆపరేషన్ ఖుక్రీతో బయటపడ్డారు. ఆ వెంటనే, దళంలోని ఇతర దేశాల అధికారులతో వచ్చిన తీవ్ర విభేదాల మధ్య, మన బలగాన్ని పూర్తిగా ఉపసంహరించుకున్నాం. భద్రతా మండలిలో కూర్చుని తీర్మానం రాసేది ఒకరు, దాని కింద నేల మీద చచ్చేది ఇంకొకరు. ఏళ్ల తరబడి మన ప్రతినిధులు న్యూయార్క్‌లో వినిపిస్తున్న ఫిర్యాదు ఇదే, ఇందులో న్యాయం ఉంది. 2013లో కాంగోలో దాడులు చేసే అధికారంతో ప్రత్యేక బ్రిగేడ్ పెట్టినప్పుడు మనం అందులో చేరలేదు. దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ చేరాయి.

అసలైన పరీక్ష 2003లో వచ్చింది. మార్చిలో అమెరికా ఇరాక్ మీద దాడి చేసింది. ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఆ యుద్ధాన్ని తప్పుపడుతూ తీర్మానం చేసింది. బాగ్దాద్ పడిపోయాక అమెరికా మనల్ని ఒక పూర్తి డివిజన్ అడిగింది. 15 వేలకు పైగా సైనికులు, ఉత్తర ఇరాక్‌లో, మోసుల్ వైపు. 1918లో బ్రిటిష్ జెండా కింద భారత సిపాయిలు అడుగుపెట్టిన మోసులే అది.

ఢిల్లీలో పంపాలన్నవాళ్లు తక్కువేమీ కాదు. అగ్రరాజ్యానికి దగ్గరవుతాం, పునర్నిర్మాణ కాంట్రాక్టులు వస్తాయి, పాకిస్తాన్ కంటే ముందుంటాం అని వాదించారు. కాంగ్రెస్, వామపక్షాలు గట్టిగా వ్యతిరేకించాయి. మన విజయవాడలో లెనిన్ సెంటర్, ధర్నా చౌక్ ఉన్నవి ఇలాంటి గొంతులు వినిపించడానికే కదా. చివరికి జూలై 14న భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ తేల్చేసింది: సమితి స్పష్టమైన ఆదేశం ఇస్తే ఆలోచిస్తాం, లేదంటే లేదు. ఆ మరుసటి నెలే బాగ్దాద్‌లో సమితి కార్యాలయాన్నే ట్రక్కు బాంబుతో పేల్చేశారు, 22 మంది పోయారు. ఆ తర్వాతి ఏళ్లలో మోసుల్ ఏమైందో చూశాం. అక్కడ మన డివిజన్ ఉండుంటే గుంటూరు, గోదావరి ఊళ్లకు ఎన్ని పెట్టెలు వచ్చేవో తలుచుకుంటేనే భయమేస్తుంది. పార్లమెంటు తీర్మానం ముందే లేకపోతే ఆ ఒత్తిడిని ప్రభుత్వం తట్టుకునేదా? కష్టమే అనుకుంటాను. కాదనడానికి ప్రధానికి ఒక ఆసరా కావాలి. ఆ ఆసరా సభ ఇచ్చింది.

అఫ్గానిస్తాన్‌లోనూ అదే తీరు. సల్మా డ్యామ్ కట్టాం, జరంజ్ నుంచి దేలారం దాకా రోడ్డు వేశాం, వాళ్ల పార్లమెంటు భవనం కట్టిచ్చాం. సైనికులను మాత్రం పంపలేదు. 2017 సెప్టెంబర్‌లో అమెరికా రక్షణ మంత్రి మాటిస్ ఢిల్లీ వచ్చినప్పుడు, అప్పుడు రక్షణ మంత్రిగా ఉన్న మన తెలుగింటి కోడలు నిర్మలా సీతారామన్ ఆయన పక్కనే నిలబడి అక్కడ మన సైన్యం అడుగుపెట్టదని చెప్పేశారు.

మరి మారిందేమిటి? నేల మీద ఆగిన అడుగు నీళ్ల మీద ముందుకు పడింది. 2008 అక్టోబర్ నుంచి ఏడెన్ సింధుశాఖలో మన నౌకాదళం గస్తీ ఆపలేదు. 2023 చివర్లో యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలుపెడితే అమెరికా ఒక కూటమి కట్టింది. మనం చేరలేదు. అలాగని ఊరుకోనూ లేదు, పదికి పైగా యుద్ధనౌకలను ఆ ప్రాంతంలో సొంతంగా మోహరించాం. అంతకుముందు నెలలోనే బహ్రెయిన్ కేంద్రంగా పనిచేసే బహుళదేశ నౌకాదళ భాగస్వామ్యంలో పూర్తి సభ్యులమయ్యాం. దొంగలను పట్టే చోట కలిసి పనిచేస్తాం, ఒక దేశం మీద బాంబులు వేసే చోట కలవం. ఇదీ గీత.

ఆ గీత ఎలా పనిచేస్తుందో రుయెన్ అనే సరుకు ఓడ కథలో చూడొచ్చు. సోమాలీ దొంగలు దాన్ని పట్టుకుని మూడు నెలలు తమ స్థావరంగా వాడుకున్నారు. 2024 మార్చిలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది. మన తీరానికి 2,600 కిలోమీటర్ల దూరంలో వాయుసేన సీ-17 విమానం నుంచి నౌకాదళానికి చెందిన మార్కోస్ కమాండోలు సముద్రంలోకి దూకారు. 40 గంటల తర్వాత 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. దొంగలను ముంబై తెచ్చి పోలీసులకు అప్పగించారు. ఎందుకు తేగలిగారంటే 2022లో పార్లమెంటు సముద్రపు దొంగల నిరోధక చట్టం చేసింది కాబట్టి. ఎక్కడిదాకా వెళ్లొచ్చు, పట్టుకున్నవాణ్ని ఏం చెయ్యాలి, ఏ కోర్టు విచారిస్తుంది అన్నవి అందులో రాసి ఉన్నాయి.

నేల మీద సైన్యాన్ని పంపడానికి మాత్రం ఇలాంటి చట్టం లేదు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. రాజ్యాంగం 53వ అధికరణ ప్రకారం రక్షణ దళాల సర్వోన్నత అధికారం రాష్ట్రపతిది. ఆచరణలో ప్రధాని, నలుగురు సీనియర్ మంత్రులు కూర్చుని నిర్ణయిస్తారు. సభను అడగాలన్న నిబంధన ఎక్కడా లేదు. 70 వేల మందికి పైగా శ్రీలంకకు వెళ్లినా పార్లమెంటులో ముందస్తు ఓటింగ్ జరగలేదు. జర్మనీలో ఇలా కుదరదు. 1994లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చాక, బయటికి పంపే ప్రతి సైనిక దళానికీ పార్లమెంటు ఆమోదం కావాల్సిందే. ఎంతమంది, ఎన్నాళ్లు, ఏ పనికి అన్నది తీర్మానంలోనే ఉంటుంది, గడువు తీరితే మళ్లీ అడగాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యుద్ధమే వద్దనుకున్న జపాన్ కూడా 1992లో శాంతి పరిరక్షణకు ఒక చట్టం చేసుకుంది, ఇరాక్‌కు కొన్ని వందల మందిని పంపడానికి 2003లో ఇంకో ప్రత్యేక చట్టం చేసింది. అమెరికాలోనూ 1973 చట్టం ప్రకారం అధ్యక్షుడు 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆపాలి. అధ్యక్షులు దాన్ని తప్పించుకు తిరుగుతారు, నిజమే. కానీ తప్పించుకున్నారని నిలదీయడానికైనా అక్కడ ఒక చట్టం ఉంది.

మాల్దీవుల్లో మొన్న జరిగింది చూడండి. మనవి రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం, వాటిని నడిపే వంద మందిలోపు సైనిక సిబ్బంది. రోగులను ఆసుపత్రికి చేర్చడమే ఎక్కువగా వాళ్ల పని. అంతమాత్రానికే అక్కడి ఎన్నికల్లో అది ప్రధాన నినాదమైంది. ముయిజ్జు గెలిచి గడువు పెట్టాడు, 2024 మే 10 లోపు వాళ్లను వెనక్కి రప్పించి సైనికులు కాని సాంకేతిక నిపుణులను పంపాల్సి వచ్చింది. యూనిఫాం ఎంత చిన్నదైనా పరాయి నేల మీద పెద్దగానే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆనవాయితీ మళ్లీ పరీక్షకు వస్తోంది. దక్షిణ లెబనాన్‌లో 1998 నుంచి మన బెటాలియన్ ఉంది. ఆ మిషన్‌ను 2026 డిసెంబర్ 31తో ముగించాలని భద్రతా మండలి 2025 ఆగస్టులో తీర్మానించింది. సమితి దగ్గర డబ్బు తగ్గుతోంది, నీలి టోపీల సంఖ్యా తగ్గుతోంది. వాటి స్థానంలో కొత్త రకం బలగాలు వస్తున్నాయి. 2025 నవంబర్ 17న మండలి 2803వ తీర్మానంతో గాజాకు ఒక అంతర్జాతీయ స్థిరీకరణ దళాన్ని అనుమతించింది. దానికి సమితి అనుమతి ఉంది, సమితి కమాండ్ లేదు. నడిపేది అమెరికా ముందుండి కట్టిన ఏర్పాటు. రష్యా, చైనా ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి.

2003 నాటి "సమితి స్పష్టమైన ఆదేశం" అన్న కొలబద్ద ఇలాంటి చోట సరిపోదు. కాగితం మీద ఆదేశం ఉంటుంది, ఆజ్ఞలిచ్చేది ఇంకొకరు అవుతారు. అందుకే ఇకమీదట ఇలాంటి దళానికి మన జవాన్లను పంపే ప్రతిపాదన ఏది వచ్చినా, కేబినెట్ కమిటీ కంటే ముందు లోక్‌సభలో చర్చ జరగాలంటాను, ఓటింగ్‌తో సహా. ఎవరి ఆజ్ఞ, ఎన్నాళ్లు, కాల్చమని ఎవరు చెబుతారు, వెనక్కి ఎప్పుడు పిలుస్తాం అన్నవి అక్కడే తేలాలి. 2803వ తీర్మానం ఆ దళానికి అప్పగించిన పనుల్లో ముఖ్యమైనది గాజాలోని సాయుధ ముఠాల చేత ఆయుధాలు కింద పెట్టించడం. 1987లో జాఫ్నాలో మనవాళ్లకు అప్పగించిన పనీ సరిగ్గా అదే.